అప్పు వసూలుకి దావా: ఏ కోర్టులో వేయాలి? (ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం మా ఇంటి కథతో మొదలుపెడతాను. చాలా రోజుల నుంచి చెబుదామా వద్దా అనుకుంటున్నాను. మా బాబాయ్ "చెప్పరా, నా పేరు చెప్పకు, ఇంకొకడైనా నాలాగా తిరక్కుండా ఉంటాడు" అన్నాడు. అందుకే చెబుతున్నాను.

మా బాబాయ్‌ది నరసరావుపేట. చిన్న ఎరువుల కొట్టు. 2022 ఏప్రిల్ 10న తనకి బాగా తెలిసినాయనకి ఆరు లక్షలు అప్పు ఇచ్చాడు. ప్రోనోటు రాయించుకున్నాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నోటు రాసింది మా బాబాయ్ కొట్లోనే. సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరూ ఆ బజారు వాళ్లే. ఆ డబ్బు కొట్టు డబ్బు కాదు, మా చెల్లి చదువుకి దాచింది. ఏడాది తర్వాత ఆ తీసుకున్నాయన కుటుంబంతో సహా హైదరాబాద్ వెళ్లిపోయాడు, కూకట్‌పల్లిలో కాపురం పెట్టాడు. మొదట్లో ఫోన్ ఎత్తేవాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. మీకు తెలిసిన కథే కదా.

2024 నవంబర్‌లో బాబాయ్ దావా వేశాడు. ఎక్కడ వేశాడు? "మనిషి హైదరాబాద్‌లో ఉన్నాడు కాబట్టి హైదరాబాద్‌లోనే వేయాలి" అని ఎవరో చెప్పారు. తెలిసినవాళ్ల ద్వారా ఒక లాయర్ గారిని పట్టుకుని హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో వేశాడు. ప్రతి వాయిదాకీ రాత్రి బస్సు ఎక్కడం, పొద్దున్నే దిగడం, కోర్టు దగ్గర టిఫిన్ చేసి కూర్చోవడం. పది నెలలు అలా తిరిగాడు. 2025 సెప్టెంబర్‌లో కోర్టు ఆ దావా కాగితాలు వెనక్కి ఇచ్చేసింది. కేసు ఓడిపోలేదు, గెలవలేదు. "ఇది మా పరిధిలోది కాదు, పరిధి ఉన్న కోర్టుకి వెళ్లండి" అంది, అంతే.

ఎందుకంటే కూకట్‌పల్లి మన నోటికి హైదరాబాదే కానీ, జిల్లా మేడ్చల్–మల్కాజిగిరి. సిటీ సివిల్ కోర్టు పరిధిలోకి రాదు. అవతలాయన లాయర్ మొదటి జవాబులోనే ఆ పాయింట్ పట్టుకున్నారు. నోటు రాసింది నరసరావుపేటలో, మనిషి ఉంటున్నది కూకట్‌పల్లిలో, మరి దావా హైదరాబాద్ జిల్లాలో ఏ లెక్కన వేశారు అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

నేను సాఫ్ట్‌వేర్ వాడిని కాబట్టి నాకు మొదట తట్టింది ఏంటంటే, రిక్వెస్ట్‌లో తప్పేమీ లేదు, వెళ్లిన సర్వరే తప్పు. కానీ ఇక్కడ రీట్రై కొట్టేలోపు ఏడాది పోతుంది.

ముందే ఒక మాట. నేను లాయర్‌ని కాదు. బీటెక్ చదివాను, కొన్నేళ్లు కోడ్ రాశాను, ఇప్పుడు వీడియోలు చేస్తున్నాను. ఈ ఎపిసోడ్ కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్, అంటే 1908 నాటి సీపీసీ, కూర్చుని చదివాను. అర్థం కానివి సివిల్ సైడ్ ప్రాక్టీస్ చేసే ఒక ఫ్రెండ్‌ని అడిగి తెలుసుకున్నాను. మీ కేసు మీ లాయర్‌కి చూపించుకోవాల్సిందే. కానీ లాయర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలిసుండాలి. మా బాబాయ్‌కి తెలియలేదు, నాకూ తెలియలేదు.

సరే, విషయంలోకి వెళ్దాం. ఏ కోర్టు అనే ప్రశ్న నిజానికి ఒక ప్రశ్న కాదండి, నాలుగు. ఏ రకం గొడవ? ఎంత డబ్బు? ఏ ఊరు? ఎంత టైమ్ ఉంది? ఇదే వరసలో చూద్దాం.

మొదటి ప్రశ్న: ఏ రకం గొడవ?

డబ్బు రావాలి అనగానే మనవాళ్లు మొదట పరుగెత్తేది పోలీస్ స్టేషన్‌కి. మామూలుగా అప్పు తీసుకుని ఇవ్వకపోవడం నేరం కాదండి, అది సివిల్ వ్యవహారం. తీసుకునేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉంటే అది వేరే సంగతి. స్టేషన్‌లో పిలిపించి మాట్లాడిస్తే పని అయిపోతుందని ఆరు నెలలు అక్కడ తిరిగేవాళ్లు ఉన్నారు. ఆ ఆరు నెలలు నోటు మీద గడియారం ఆగదు, అది గుర్తు పెట్టుకోండి.

చేబదులు, ప్రోనోటు, రాతపూర్వక అగ్రిమెంట్ మీద రావాల్సిన బాకీ, ఇవన్నీ మామూలు సివిల్ కోర్టుకి వెళ్తాయి. నోటు మీద గానీ, కచ్చితమైన మొత్తం రాసి ఉన్న కాంట్రాక్టు మీద గానీ అయితే సీపీసీలో ఆర్డర్ 37 అని ఒక దగ్గరి దారి ఉంది, సమ్మరీ సూట్ అంటారు. అందులో సమన్లు అందిన 10 రోజుల్లో ప్రతివాది హాజరు చెప్పాలి. తర్వాత తన వాదన వినిపించడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. మీ కేసు దానికి సరిపోతుందేమో లాయర్ గారిని అడగండి.

చెక్ ఇచ్చి బౌన్స్ అయితే ఇంకో దారి. అది నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ 138 సెక్షన్ కింద క్రిమినల్ కంప్లైంట్. దీని టైమ్ చాలా బిగుతుగా ఉంటుంది. చెక్ తిరిగొచ్చినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజులు అవతలివాళ్లకి టైమ్. అప్పటికీ కట్టకపోతే అక్కణ్ణుంచి నెలలోపు కంప్లైంట్ వేయాలి. ఎక్కడ వేయాలి అనే దాని మీద చాలా గందరగోళం నడిచింది. 2014లో దశరథ్ రూప్‌సింగ్ రాథోడ్ కేసులో సుప్రీంకోర్టు, చెక్ ఇచ్చిన మనిషి బ్యాంకు ఉన్న చోట వేయమంది. 2015లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. ఇప్పుడు మీరు చెక్‌ని మీ ఖాతాలో వేసుకుంటే, మీ ఖాతా ఉన్న బ్రాంచ్ పరిధిలోని కోర్టులో వేయొచ్చు. ఇది డబ్బు రావాల్సినవాళ్లకి పెద్ద ఊరట. ఒక పక్క 138 నడుస్తున్నా, ఇంకో పక్క సివిల్ దావా వేసుకోవచ్చు. ఒకటి ఉంది కదా అని రెండోది వదిలేసి టైమ్ దాటించుకోకండి.

వస్తువు కొన్నారు, సర్వీసుకి డబ్బు కట్టారు, వాళ్లు సరిగ్గా ఇవ్వలేదు. అప్పుడు వినియోగదారుల కమిషన్. 2019 చట్టంలో అన్నిటికంటే ఉపయోగపడే మార్పు ఏంటంటే, మీరు ఉంటున్న ఊరి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, మీరు ఏలూరులో ఉంటే ఏలూరులోనే. మీరు కట్టిన మొత్తం 50 లక్షల వరకు జిల్లా కమిషన్, 50 లక్షల నుంచి 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆపైన జాతీయ కమిషన్. ఇక్కడ చూసేది మీరు కట్టిన సొమ్ము, మీరు అడిగే నష్టపరిహారం కాదు. 5 లక్షల వరకు ఫీజు లేదు. టైమ్ మాత్రం రెండేళ్లే.

వ్యాపారస్తుల మధ్య గొడవ అయి, విలువ 3 లక్షలు దాటితే, అది కమర్షియల్ కోర్టు చట్టం కిందకి రావచ్చు. అక్కడ అర్జెంటుగా ఏదైనా ఉత్తర్వు కావాల్సిన పరిస్థితి లేకపోతే, దావాకి ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. 12ఏ సెక్షన్. వెళ్లకుండా వేస్తే ప్లెయింట్ కొట్టేయొచ్చని 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్ అయి, సరుకు ఇచ్చిన పెద్ద కంపెనీ డబ్బు ఆపితే, ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది. కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా, మీ యూనిట్ ఉన్న చోటి కౌన్సిల్‌కి వెళ్లొచ్చు.

ఇంకొకటి, అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజ్ ఉందేమో చూడండి. ఉంటే కోర్టు మిమ్మల్ని అటు పంపే అవకాశం ఉంది. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదే మనం చదవం.

రెండో ప్రశ్న: ఎంత డబ్బు?

సీపీసీ 15వ సెక్షన్ ఏమంటుందంటే, ఆ కేసు వినగలిగే కోర్టుల్లో అన్నిటికంటే కింది స్థాయి కోర్టులోనే దావా వేయాలి. "నాది పెద్ద కేసు, డైరెక్టుగా జిల్లా జడ్జి గారి దగ్గరే వేస్తాను" అంటే కుదరదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2018 సవరణ తర్వాత లెక్క ఇది. 20 లక్షల వరకు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు. 20 దాటి 50 లక్షల వరకు సీనియర్ సివిల్ జడ్జి కోర్టు. ఆపైన జిల్లా కోర్టు. ఈ హద్దులు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, మధ్యమధ్యలో సవరిస్తూ ఉంటారు. పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో 3 లక్షలు, 15 లక్షలు అని కనిపిస్తుంది, అది చూసి లెక్క వేసుకోకండి.

మరి "ఎంత" అంటే అసలా, వడ్డీ కలిపా? దావా వేసే రోజుకి రావాల్సిన వడ్డీ కలిపి. మా బాబాయ్ లెక్కే చూద్దాం. అసలు 6 లక్షలు. నెలకి 12 వేల వడ్డీ. 2022 ఏప్రిల్ నుంచి 2024 నవంబర్ దాకా 31 నెలలు. 3 లక్షల 72 వేలు. మొత్తం 9 లక్షల 72 వేలు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు స్థాయే. దావా వేసిన తర్వాత నడిచే వడ్డీ ఈ లెక్కలోకి రాదు.

ఇక్కడ చాలామందికి తెలియని చిన్న వెసులుబాటు ఒకటుంది. మీకు రావాల్సింది 20 లక్షల 60 వేలు అనుకోండి. మీకు జూనియర్ కోర్టు దగ్గర, సీనియర్ కోర్టు దూరం. అప్పుడు ఆ 60 వేలు వదులుకుంటున్నానని చెప్పి 20 లక్షలకే దావా వేసుకోవచ్చు. ఆర్డర్ 2 రూల్ 2 దానికి ఒప్పుకుంటుంది. కానీ వదిలింది వదిలినట్టే. "ఇప్పుడు 20కి వేస్తా, తర్వాత 60 వేలకి ఇంకోటి వేస్తా" అంటే అదే రూల్ అడ్డం పడుతుంది. ఒకే బాకీని ముక్కలు చేసి రెండు దావాలు వేయడానికి లేదు.

మూడో ప్రశ్న: ఏ ఊరు?

మా బాబాయ్ పడింది ఇక్కడే. కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

ఇల్లు, పొలం లాంటి స్థిరాస్తి గొడవలైతే ఆస్తి ఎక్కడుంటే అక్కడ. డబ్బు దావాలకి 20వ సెక్షన్. అది రెండు రకాల చోట్లు ఇస్తుంది. ఒకటి, దావా వేసే నాటికి ప్రతివాది నివాసం ఉంటున్న చోటు, లేదా వ్యాపారం చేస్తున్న చోటు, లేదా తను స్వయంగా పని చేసుకుని సంపాదించుకుంటున్న చోటు. రెండు, వ్యాజ్య కారణం పూర్తిగా గానీ, కొంత గానీ పుట్టిన చోటు. "కొంత గానీ" అనే మాట కింద గీత గీసుకోండి.

వ్యాజ్య కారణం అంటే ఏంటి? మీరు గెలవాలంటే రుజువు చేయాల్సిన విషయాలన్నీ కలిపి. అప్పు కేసులో అవి ఏంటి? డబ్బు ఇచ్చారు. నోటు రాయించుకున్నారు. ఫలానా చోట తిరిగి కట్టాలి. కట్టలేదు. వీటిలో ఏ ఒక్కటి మీ ఊళ్లో జరిగినా, మీ ఊరి కోర్టుకి పరిధి ఉన్నట్టే.

ఇప్పుడు బాబాయ్ కేసు చూడండి. డబ్బు ఇచ్చింది నరసరావుపేటలో. నోటు రాసింది నరసరావుపేటలో. సాక్షులు నరసరావుపేటలో. అంటే తన కొట్టుకి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న కోర్టుకి మొదటి రోజు నుంచీ పరిధి ఉంది. ప్రతివాది కాపురం ఉంటున్న చోటు ప్రకారం అయితే కూకట్‌పల్లి వైపు కోర్టుకి ఉంది. ఈ రెండూ కాకుండా, ఏ సంబంధం లేని మూడో చోట వేశాం.

"మరి వాడి ఆస్తి, జీతం అన్నీ హైదరాబాద్‌లో ఉన్నాయి కదా, నరసరావుపేటలో డిక్రీ తెచ్చుకుని ఏం చేసుకుంటాం?" ఇదే మా బాబాయ్ అప్పట్లో అన్న మాట. నాకూ నిజమే అనిపించింది. కానీ దానికి జవాబు సీపీసీలోనే ఉంది. 39వ సెక్షన్. డిక్రీ ఇచ్చిన కోర్టు, ప్రతివాది ఉంటున్న చోటి కోర్టుకో, ఆస్తి ఉన్న చోటి కోర్టుకో అమలు కోసం ఆ డిక్రీని బదిలీ చేయొచ్చు. వేరే రాష్ట్రమైనా సరే. అంటే సాక్షులు దగ్గరున్న చోట దావా నడిపి, ఆస్తి ఉన్న చోట అమలు పిటిషన్ వేసుకోవచ్చు. ఎందుకు ముఖ్యమంటే, సాక్ష్యం చెప్పాల్సింది బజారులో కొట్టు పెట్టుకున్న మనుషులు. ఒక్క రోజు కొట్టు మూసి పక్క వీధి కోర్టుకి వస్తారు. రాత్రి బస్సెక్కి హైదరాబాద్ రమ్మంటే ఎంతమంది వస్తారు?

కంపెనీ మీద దావా అయితే? కంపెనీ అంటే దాని ప్రధాన ఆఫీసు ఉన్న చోట వేయొచ్చు. కానీ మీ లావాదేవీ జరిగిన ఊళ్లో వాళ్ల బ్రాంచ్ ఉంటే, ఆ ఊళ్లో వ్యాపారం చేస్తున్నట్టే లెక్క. 1991లో పటేల్ రోడ్‌వేస్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడమరిచి చెప్పింది. ఎక్కడో బ్రాంచ్ ఉంది కదా అని లావాదేవీతో సంబంధం లేని ఊళ్లో వేయడానికి మాత్రం లేదు.

ఇక అగ్రిమెంట్‌లో "వివాదాలన్నీ చెన్నై కోర్టుల పరిధికి లోబడి" అని రాసి ఉంటే? దీని మీద రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. రెండు మూడు కోర్టులకి చట్టప్రకారం పరిధి ఉన్నప్పుడు, వాటిలో ఒకటే అని ఇద్దరూ ఒప్పుకుంటే అది చెల్లుతుంది. అసలు ఏ సంబంధం లేని కోర్టుకి, ఇద్దరూ సంతకం పెట్టినా పరిధి రాదు. 1971 హకమ్ సింగ్ కేసు నుంచి ఇదే సూత్రం. "మాత్రమే" అనే పదం లేదు కాబట్టి మాకు వర్తించదు అని వాదించేవాళ్లు ఉండేవాళ్లు. 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో, ఆ పదం లేకపోయినా ఉద్దేశం అదే అయితే క్లాజ్ చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి సంతకం పెట్టేముందు ఆ లైన్ చదవండి. మా బాబాయ్ నోటులో అలాంటిదేమీ లేదు, అది మా అదృష్టం.

తప్పు కోర్టులో వేస్తే ఏమవుతుంది?

భయపడాల్సినంత కాదు, తేలిగ్గా తీసుకునేంతా కాదు.

ఆర్డర్ 7 రూల్ 10 ప్రకారం కోర్టు ప్లెయింట్ తిరిగి ఇస్తుంది. కొట్టేయడం వేరు, తిరిగి ఇవ్వడం వేరు. తిరిగి తీసుకుని సరైన కోర్టులో వేసుకోవచ్చు. కానీ అక్కడ కేసు మళ్లీ మొదటి నుంచే. 2020లో ఈఎక్స్ఎల్ కెరీర్స్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఇదే చెప్పింది. పాత కోర్టులో ఎంతవరకు నడిచిందో అక్కణ్ణుంచి కొనసాగించడం ఉండదు. సమన్లు మళ్లీ, జవాబు మళ్లీ.

ఇంకో విచిత్రం. ఊరు పరిధి గురించి ప్రతివాది అభ్యంతరం చెప్పాలంటే మొదట్లోనే చెప్పాలి, ఇష్యూలు ఖరారయ్యేలోపే. 21వ సెక్షన్. అప్పుడు ఊరుకుని, ఓడిపోయాక అప్పీల్లో "అసలు ఆ కోర్టుకి పరిధే లేదు" అంటే, దానివల్ల న్యాయం దెబ్బతిన్నదని చూపించనంతవరకు వినరు. డబ్బు హద్దు విషయంలోనూ దాదాపు అంతే. కానీ రకం గొడవ తప్పయితే, అంటే ఆ విషయాన్ని వినే అధికారమే ఆ కోర్టుకి లేకపోతే, ఎవరూ అభ్యంతరం చెప్పకపోయినా ఆ డిక్రీ నిలవదు. అందుకే నేను నాలుగు ప్రశ్నల్లో "ఏ రకం" అనేదాన్ని మొదట పెట్టాను.

మా కేసులో అవతలి లాయర్ గారు మొదట్లోనే చెప్పారు. ఆయన పని ఆయన చేశారు.

నాలుగో ప్రశ్న: ఎంత టైమ్ ఉంది?

మన ఊళ్లలో "నోటు మురిగిపోయింది" అంటారు కదా, అదే ఇది. డిమాండ్ ప్రోనోటుకి నోటు తేదీ నుంచి మూడేళ్లు. మీరు అడిగిన రోజు నుంచి కాదు, వాళ్లు ఎగ్గొట్టిన రోజు నుంచి కాదు, నోటు తేదీ నుంచి. నోటు లేని చేబదులుకి డబ్బు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు.

ఈ మూడేళ్లలోపు బాకీదారు కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ కట్టిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. బాకీ ఉన్నానని సంతకంతో రాసిచ్చినా అంతే. ఇదీ గడువు లోపలే జరగాలి. గడువు దాటాక అయితే, పాత బాకీ కడతానని కొత్తగా రాతపూర్వకంగా సంతకం పెట్టి ఒప్పుకుంటేనే పనికొస్తుంది, కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్ దాన్ని ఒప్పుకుంటుంది. కానీ గడువు దాటాక ఎవరు రాసిస్తారు చెప్పండి?

బాబాయ్ నోటు 2022 ఏప్రిల్ 10. చెల్లు ఏమీ లేదు. అంటే 2025 ఏప్రిల్ 10కి గడువు. ప్లెయింట్ వెనక్కి వచ్చింది సెప్టెంబర్‌లో. ఆ రోజు సాయంత్రం ఫోన్‌లో బాబాయ్ అడిగిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఒరేయ్, మరి నోటు మురిగిపోయినట్టేనా?"

నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా వెతికాను. లిమిటేషన్ యాక్ట్ 14వ సెక్షన్ దొరికింది. పరిధి లేని కోర్టులో మంచి నమ్మకంతో, శ్రద్ధగా కేసు నడిపి ఉంటే, ఆ కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేస్తారు. బాబాయ్ మొదటి దావా వేసేనాటికి ఇంకా ఐదు నెలలు మిగిలి ఉన్నాయి. ఆ పది నెలలు తీసేస్తే, ప్లెయింట్ వెనక్కి వచ్చాక ఆ ఐదు నెలలు మళ్లీ నడవడం మొదలవుతుంది. మేం మూడు వారాల్లో నరసరావుపేటలో వేశాం. ప్లెయింట్‌లోనే "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఫలానా కోర్టులో నడిచింది, కాబట్టి 14వ సెక్షన్ వర్తిస్తుంది" అని రాయించాం. అది రాయాలి, ఆర్డర్ 7 రూల్ 6 అడుగుతుంది.

కానీ దీన్ని హక్కులా అనుకోకండి. మంచి నమ్మకం, శ్రద్ధ అనేవి మనం చూపించాల్సినవి. అవతలివాళ్లు "లాయర్ ఉన్నాడు, అడ్రస్ తెలుసు, ఇది అజాగ్రత్త" అని వాదిస్తారు, వాదిస్తున్నారు కూడా. అదే బాబాయ్ గడువు చివరి రోజున వేసి ఉంటే? వెనక్కి వచ్చాక ఊపిరి పీల్చుకోవడానికి కూడా రోజు మిగిలేది కాదు.

మీరు అడిగిన వాటిలో రెండు

పోయిన ఎపిసోడ్‌కి చాలా ప్రశ్నలు వచ్చాయి. ఈ విషయానికి దగ్గరగా ఉన్న రెండు తీసుకుంటాను.

విజయవాడ నుంచి ఒక తమ్ముడు. బెంగళూరులో ఉన్న ఫ్రెండ్‌కి యూపీఐలో లక్షన్నర పంపాడు, నోటు లేదు, వాట్సాప్ మెసేజ్‌లే ఉన్నాయి. తమ్ముడూ, పక్కాగా పరిధి ఉండేది నీ ఫ్రెండ్ ఉంటున్న బెంగళూరులో. డబ్బు విజయవాడ నుంచే వెళ్లింది, తిరిగి నాకే ఇక్కడ కట్టాలి కాబట్టి వ్యాజ్య కారణం కొంత విజయవాడలో పుట్టింది అని వాదించొచ్చు, కానీ అభ్యంతరం వస్తుందని సిద్ధపడి ఉండు. టైమ్ బాగా ఉంటేనే ఆ దారి. "ఎక్కడ తిరిగి కట్టాలి" అనేది మెసేజ్‌లలో ఎక్కడైనా ఉందేమో వెతుకు, ఉంటే నీ బలం పెరుగుతుంది. ఆ చాట్ డిలీట్ చేయకు, ఫోన్ మార్చినా పాత ఫోన్ దాచు. కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి.

డాలస్ నుంచి ఒక అక్క. అక్కడే ఉన్న తెలుగు ఫ్రెండ్‌కి అప్పు ఇచ్చారు, ఆయన ఇప్పుడు హైదరాబాద్ వచ్చి స్థిరపడ్డారు. అక్కా, లావాదేవీ అమెరికాలో జరిగినా, ప్రతివాది ఇప్పుడు ఉంటున్నది ఇక్కడ కాబట్టి ఇక్కడ దావా వేయొచ్చు, 20వ సెక్షన్ మొదటి భాగం. మీరు ప్రతి వాయిదాకీ రాకుండా పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. అక్కడే కేసు వేసి తీర్పు తెచ్చుకుంటే మంచిదా అని అడిగారు. అమెరికా తీర్పుని ఇక్కడ నేరుగా అమలు చేయించడం కుదరదు. 44ఏ సెక్షన్ కింద ప్రకటించిన దేశాల్లో అమెరికా లేదు. ఆ తీర్పు ఆధారంగా మళ్లీ ఇక్కడ దావా వేయాలి. కాబట్టి ముందే ఆలోచించుకోండి. ఒక్కటి మాత్రం, "హైదరాబాద్" అని ఆగిపోకండి. ఏ మండలం, ఏ జిల్లా, ఏ కోర్టు పరిధి, అది కనుక్కోండి. ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

చివరిగా

దావాకి ముందు ఇంకో తలుపు ఉందని మర్చిపోకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీల్ లేదు. పెండింగ్‌లో ఉన్న కేసు అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. అవతలి మనిషి రాకపోతే ఏమీ చేయలేం, అది నిజం. కానీ గడువు బాగా ఉన్నప్పుడు ఒకసారి ప్రయత్నిస్తే పోయేదేమీ లేదు.

లాయర్ గారి దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. నోటు తేదీ. చివరి చెల్లు తేదీ. ఈ రోజుకి అసలు, వడ్డీ కలిపి ఎంత. డబ్బు ఎక్కడ ఇచ్చారు, నోటు ఎక్కడ రాశారు. ప్రతివాది పూర్తి అడ్రస్, మండలం, జిల్లాతో సహా. సాక్షులు ఎక్కడ ఉంటారు. అగ్రిమెంట్ ఉంటే అందులో కోర్టు గురించి, ఆర్బిట్రేషన్ గురించి ఏం రాసి ఉంది. ఆ కాగితం ముందు పెట్టి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "సార్, ఈ కోర్టుకి పరిధి ఏ కారణం వల్ల వస్తుంది?" దానికి ఒక్క వాక్యంలో జవాబు రావాలి. ప్లెయింట్‌లో కూడా ఆ వాక్యం ఉంటుంది, ఉండాలి. మేం సంతకం పెట్టిన మొదటి ప్లెయింట్‌లో ఆ పేరా ఉంది. "ప్రతివాది హైదరాబాద్ నివాసి కాబట్టి" అని రాసి ఉంది. నేనే చదివాను. చదివి బాగానే ఉందనుకున్నాను. తప్పు లాయర్ గారిది ఒక్కరిదే అని నేను అనలేను.

బాబాయ్ కేసు ఇప్పుడు నరసరావుపేటలో నడుస్తోంది. సాక్షులిద్దరూ వస్తామన్నారు. పోయిన వాయిదాకి అవతలి లాయర్ గారు "లోక్ అదాలత్‌లో కూర్చుని మాట్లాడుకుందామా" అన్నారట. ఏమవుతుందో చూడాలి. డబ్బు ఇంకా రాలేదు. మా చెల్లి చదువుకి బ్యాంకు లోన్ పెట్టాం. కానీ బాబాయ్ ఇప్పుడు వాయిదా రోజున పొద్దున కొట్టు తెరిచి, పది గంటలకి పక్క కొట్టాయనకి చెప్పి కోర్టుకి వెళ్లి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వస్తున్నాడు. మొదటి రోజే ఇలా వెళ్లి ఉండాల్సింది.

మీ ఇంట్లో బీరువాలో నోట్లు ఉంటే, ఈ రాత్రికి ఒకసారి తీసి తేదీలు చూసుకోండి. ఈ ఎపిసోడ్ ఎవరికైనా పనికొస్తుందనిపిస్తే పంపండి. మళ్లీ వచ్చే వారం కలుద్దాం. ఉంటానండి, నమస్తే.